సాయం చేస్తూ ఉంటుంది

పప్పు దించి తాలింపు వేయబోతుంటే ముందుగదిలోంచి మా ఆయన పిలిచాడు. "సోనీ, పెళ్లికూతురి మొహం కాస్త తెల్లగా సెయ్యమంటన్నారు. బేగి సేసేసి టీ పట్రా." స్టవ్ తగ్గించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని వెళ్లాను. కుర్చీలో పెళ్లికూతురి బాబాయి కూర్చుని ఉన్నాడు. కంప్యూటర్ ముందు నిలబడే ఆ పని చేసి, టీ పెట్టడానికి మళ్లీ లోపలికి వచ్చాను.

చింతపల్లి మెయిన్‌రోడ్డు మీద మా స్టూడియో. వెనక రెండు గదుల్లో కాపురం. బోర్డు మీద 'దేవీప్రసాద్ ఫిల్మ్స్' అని ఉంటుంది. దేవీప్రసాద్ మా ఆయన. పెళ్లిళ్లకీ, చర్చి పండుగలకీ ఆయన కెమెరా పట్టుకుని వెళ్తాడు. కెమెరాలోని మెమరీ కార్డు తెచ్చి నా చేతిలో పెడతాడు. ఆ తర్వాత అది చూడదగ్గ వీడియో అయ్యేదాకా జరిగేదంతా నా పని. కోయడం, అతకడం, రంగులు సరిచేయడం, పాట కలపడం, చివర్లో పేరు వేయడం. ఆ పేరు ఆయనది. దాన్ని టైప్ చేసేది నేనే.

నాది ముంచింగిపుట్టు దగ్గర కొండల్లో గిరిజన ఊరు. విశాఖలో హాస్టల్లో ఉండి విజువల్ కమ్యూనికేషన్ చదివాను. ఆయనది నర్సీపట్నం. మా పెళ్లికి అత్తయ్య చాలాకాలం ఒప్పుకోలేదు. ఇప్పుడు కొత్తవాళ్లెవరైనా వస్తే, "ఏజెన్సీ గుంటైనా పని బాగా సేత్తాది" అని నా ఎదుటే పరిచయం చేస్తుంది. అది మెచ్చుకోలు. నేను నవ్వాలి. నవ్వుతాను. నవ్విన ప్రతిసారీ లోపల ఏదో చిన్నగా ముడుచుకుపోతుంది. అయినా ఆ నవ్వు నాకు అలవాటైపోయింది, అదే నాకు సిగ్గు.

విదేశాల్లో ఎడిటర్ ఉద్యోగాలు వెతకడం మొదలుపెట్టినప్పుడు దాన్ని ఇంట్లో దొంగతనంలా దాచుకున్నాను. అత్తయ్య ఫోన్లోకి తొంగి చూస్తే సీరియల్ చూస్తున్నానని చెప్పేదాన్ని. ఉద్యోగం వెతుక్కోవడం కన్నా అదే మర్యాదగా ఉండేది. ప్రతి కంపెనీదీ ఒకటే ప్రశ్న: మీకు వీసా స్పాన్సర్‌షిప్ కావాలా, అంటే మీ వీసాకు మేం పూచీ పడాలా? 'అవును' అని నొక్కేసరికి చెవులు వేడెక్కేవి. పిలవని ఇంటికి వెళ్లి విస్తరి ముందు కూర్చున్నట్టు ఉండేది. కొన్ని కంపెనీలు ఆ మాట చూడగానే వద్దనేవి. కొన్ని అసలు జవాబే ఇచ్చేవి కావు. ఒకటిరెండుసార్లు 'కాదు' అని నొక్కి పంపేద్దామా అనిపించింది. అబద్ధం చెప్పడానికి కూడా ధైర్యం చాలలేదు.

చివరికి ఐర్లండ్ నుంచి ఒకావిడ జవాబిచ్చింది. పేరు నోరా. చిన్న డాక్యుమెంటరీ కంపెనీ నడుపుతోంది. నేను పంపిన వీడియోల్లో పెళ్లిళ్లను ఆవిడ పట్టించుకోలేదు. మా అమ్మ కాఫీ పళ్లు కోస్తుంటే చలికాలంలో నేనే తీసి, నేనే కూర్చిన చిన్న సినిమా నచ్చిందంది. వీడియో కాల్‌లో మాట్లాడింది. ఎక్కడ పనిచేస్తున్నావని అడిగితే దేవీప్రసాద్ ఫిల్మ్స్ అన్నాను. నీ పని గురించి చెప్పగల మీ బాస్ ఎవరు అంటే ఆయన పేరూ, నంబరూ ఇచ్చాను. మొగుడని చెప్పలేదు. చెబితే ఇన్నేళ్ల నా పని ఒక్క మాటతో ఇంటిపనిలో కలిసిపోతుందని నాకు తెలుసు.

సాయంత్రం ఆయనకు చెప్పాను. "నీకా? ఫారినా?" అని నవ్వాడు. కోపంగా కాదు, ముద్దుగానే. "సర్లే, అడిగితే సెప్తాను."

నోరా ఫోన్ చేసినప్పుడు షాపులో జనం ఉన్నారు. వాళ్లందరూ వినాలని ఆయన స్పీకర్ పెట్టాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

"సోని ఈజ్ మై వైఫ్, మేడమ్" అన్నాడు. "షీ హెల్ప్స్ మీ. అంతే."

మరి కాఫీ సినిమా ఎవరు ఎడిట్ చేశారని నోరా అడిగింది.

"మెయిన్ ఎడిటర్ నేనే మేడమ్" అని ఇంగ్లిష్‌లో చెప్పాడు. ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి, ఆ ఉద్యోగానికి తనకు కూడా ఇంటర్వ్యూ పెడతారా అని అడిగాడు.

షాపులో ఎవరికీ అందులో తప్పేమీ వినపడలేదు. ఒకతను నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, "అదృష్టవంతురాలివమ్మా" అన్నాడు. గురువారం ఇద్దరూ వీడియో కాల్‌లోకి రండి, ఆ సినిమా ఎడిట్ చేసిన ఫైలు తెరిచి చూపించండి అని నోరా ఫోన్ పెట్టేసింది.

ఆరోజు ఆయన చికెన్ తెచ్చాడు. నేను వండాను. అన్నం కలుపుకుంటూ, "మనిద్దరం ఏరేరేటి? నా పేరున ఎల్తే నీకు డిపెండెంటు వీసా అదే వత్తాది. నువ్వు పక్కన కూకుని సెప్పు, నేను నొక్కుతాను" అన్నాడు.

"ఆడు ముందర ఉంటేనే ఇంటికి మర్యాద" అంది అత్తయ్య.

నేను తల ఊపాను. ఎవరూ నన్ను కొట్టలేదు, బెదిరించలేదు. చేతిలో గరిటె ఉంది, ఆయనకు ఇంకొంచెం పులుసు వేస్తూ తల ఊపాను. ఆ తర్వాత రెండురోజులూ గిన్నెలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా అదే కళ్లముందు మెదిలేది. ఆయన అడిగిన తీరుకన్నా నేను ఒప్పుకున్న తీరే నన్ను ఎక్కువ కాల్చింది. చదువు చెప్పించిన మా అమ్మకు ఈ మాట ఎలా చెప్పను? ఎలాగోలా ఇక్కణ్నుంచి వెళ్తే చాలని ఒప్పుకున్నానా, లేక ఆయన వెనక ఉండటమే నా చోటని నేనూ నమ్మేశానా? రెండోదే నిజమేమోనన్న అనుమానం తలెత్తనివ్వలేదు.

గురువారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఇస్త్రీ చేసింది నేనే. కెమెరాకు కనపడకుండా పక్కన స్టూలు వేసుకున్నాను. నేను తర్వాత వస్తానని ఆయన నోరాతో అన్నాడు. మొదట అంతా అనుకున్నట్టే జరిగింది. నేను గుసగుసగా చెప్పడం, ఆయన నొక్కడం. అప్పుడు నోరా సినిమాను ఒకచోట ఆపమంది. కాఫీ పళ్లు కోయడం మానేశాక కూడా ఆ కోసే ఆవిడ మొహాన్ని తెరమీద అంతసేపు ఎందుకు ఉంచారు అని అడిగింది.

"బ్యూటిఫుల్ ఫేస్, మేడమ్. నేచర్" అన్నాడు ఆయన. కాలితో నా కాలు తట్టాడు.

నాకు తెలుసు. కెమెరా చూసి అమ్మ సిగ్గుపడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కొంగుకు చిరుగు కనపడింది. గబుక్కున దించేసింది. ఏం చెయ్యాలో తోచక నావైపు చూసింది. ఆ చూపును కోయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇప్పుడు అదంతా నేను ఆయన చెవిలో చెప్పాలి. ఆయన దాన్ని తన ఇంగ్లిష్‌లో చెప్పాలి. మా అమ్మ సిగ్గు ఆయన నోట్లోంచి ఉద్యోగానికి అర్హతగా బయటికి రావాలి.

"కొంచెం జరగండి" అన్నాను.

"ఏటి?"

"జరగండి. ఆవిడ మా అమ్మ. నేను చెప్తాను."

ఆయన జరిగాడు. నేను నాకొచ్చిన ఇంగ్లిష్‌లో తడబడుతూనే అంతా చెప్పాను. ఆ సినిమా కూర్చింది నేనేననీ, ఇంతసేపూ గుసగుసలాడింది నేనేననీ కూడా చెప్పాను. మొహం మండిపోతోంది. నోరా ఇకనుంచి నాతోనే మాట్లాడతానంది. ఆయన లేచి వీధిలోకి వెళ్లిపోయాడు.

ఆ ఉద్యోగం రాలేదు. నా పని మంచిదేనని నోరా రాసింది. కానీ జీతం తీసుకుని చేసిన అనుభవానికి ఆధారం లేకుండా స్పాన్సర్ చేయడం కష్టమని వాళ్ల లాయరు అన్నాడట. ఎక్కడైనా కొంతకాలం జీతానికి పనిచేసి మళ్లీ రాయమంది. అంత మర్యాదగా రాసిన ఉత్తరం చదువుతుంటే తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నేళ్లు రోజూ చేసిన పని కాగితం మీద ఎక్కడా లేదు.

విశాఖలో ఒక వార్తా ఛానల్లో నాతో చదువుకున్న గాయత్రి పనిచేస్తోంది. అక్కడ ఉద్యోగం ఉందేమో అడగడానికి నాలుగుసార్లు ఫోన్ తీసి పెట్టేశాను. చివరికి అడిగాను. వాళ్లు పరీక్ష పెట్టి, సోమవారం చేరమన్నారు.

ఇంట్లో చెప్పినప్పుడు అత్తయ్య బియ్యం ఏరుతోంది. "ఇక్కడ పని సాల్లేదేటి, అంత దూరం ఎల్తావు?" అంది.

మా ఆయన ఇంటర్వ్యూ తర్వాత నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇప్పుడు మాట్లాడాడు. "మరిక్కడ ఎడిటింగ్ ఎవరు సేత్తారు?"

"ఎడిటర్ని పెట్టుకోండి" అన్నాను.

ఏదో తప్పు చేసినట్టే ఉంది, ఇప్పటికీ. లోపలికి వెళ్లి బట్టలు సర్దుకుంటున్నాను. ముందుగదిలోంచి మాటలు వినపడుతున్నాయి. నర్సీపట్నంలో రవిబాబు అని ఆయన స్నేహితుడు, అతనికీ స్టూడియో ఉంది. అతనితో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ఎడిటర్ కావాల్రా. అవును, రోజూ. పెళ్లిళ్లు, పాటలు, రంగులు, అన్నీ తెలిసినోడు. నెలకేటి అడుగుతారు?"

రవిబాబు ఏం చెప్పాడో నాకు వినపడలేదు.

"అంతా?" అన్నాడు మా ఆయన.