తొమ్మిదో పేరు

"గంట పనే కదా అచ్చమ్మా, అన్నం పొయ్యి మీద పెట్టి కూసుంటే అయిపోతది" అన్నాడు యాకోబు, స్టెన్సిల్ కాగితం, ఇనుప మొన కలం, తను రాసుకున్న చిత్తు ప్రతి తెచ్చి బల్ల మీద పెడుతూ. ఆయన లెక్కలో ఆమె చేసే పనులన్నీ గంట పనులే. పదిమందికి వంట గంట పని. బృందం వాళ్ల బట్టలు ఉతికి ఆరెయ్యడం గంట పని. అలాంటి గంటలు రోజుకెన్ని ఉంటాయో ఆ లెక్కల పంతులు ఎన్నడూ కూడి చూడలేదు.

యాకోబు సూర్యాపేటలో హైస్కూలు టీచరు, పాటల బృందానికి కార్యదర్శి. అచ్చమ్మ ప్రైమరీ స్కూలు టీచరు, బృందానికి ఏమీ కాదు. పదకొండేళ్ల కింద స్టేజీ మీద దండలు మార్చుకున్న నాడే "మన ఇంట్ల మీరూ గీరూ నడవదు, నన్ను నువ్వనే పిలువు" అన్నాడు. ఆ మాట మీద నిలబడ్డాడు, కాదనడానికి లేదు. చెంబెడు మంచినీళ్లు మాత్రం నేటికీ ఆయన కూర్చున్న చోటికే నడిచి రావాలి. "మావోడు లోకం కోసం తిరుగుతుండు, నువ్వు ఇల్లు సూస్కుంటే సాలు" అనేది అత్త ముత్తమ్మ. లోకంలో ఇల్లు లేదా అని అడగాలని అచ్చమ్మకు చాలాసార్లు నోటిదాకా వచ్చేది.

అది తొంభై రెండు ఎండాకాలం, ఆదివారం. బృందంలోని పౌలు వచ్చి, స్టెన్సిల్‌ను స్కూలు హాజరు పట్టీలో పెట్టుకుని నాలుగు గంటల బస్సుకు మిర్యాలగూడ తీసుకుపోతాడు. బస్సుల్లో తనిఖీలు జరుగుతున్నాయి. అక్కడ ఎవరింట్లోనో దాచిన సైక్లోస్టైల్ మిషను మీద అయిదు వందల కాపీలు తీస్తారు. మర్నాడు మధ్యాహ్నం వేములపల్లి దగ్గర కొత్త అమరుల స్తూపం ఆవిష్కరణ. పొద్దున్నే పెయింటర్ గోపయ్య ఆ కరపత్రం చూసే స్తూపం మీద పేర్లు రాస్తాడు. అంటే కరపత్రంలో ఉన్నవాళ్లే స్తూపం ఎక్కుతారు. లేనివాళ్లు లేనట్టే.

మైనం కాగితం మీద రాయడం పలక మీద రాసినట్టు కాదు. గట్టిగా నొక్కితే సున్నా మొత్తం ఊడి పడి, అచ్చులో సిరా ముద్దవుతుంది. మెల్లగా నొక్కితే అక్షరం పడదు. సున్నా చుట్టేటప్పుడు వెంట్రుకంత అతుకు వదలాలి. ఏడేళ్లుగా బృందం కరపత్రాలన్నీ ఆమె చేతి మీదుగానే పోయాయి. ప్రతిదాని కిందా కార్యదర్శి యాకోబు అని ఉంటుంది. ఆ అక్షరాలూ ఆమె రాసినవే.

చిత్తు ప్రతిలో ఎనిమిది పేర్లున్నాయి. పాట కట్టినవాళ్లు, పాడినవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు. అందరూ పోలీసుల తూటాలకు పోయినవాళ్లే. ఎనిమిదోవాడు దీప్లా, నిడమనూరు అవతలి తండా నుంచి వచ్చిన డప్పు కళాకారుడు. పోయిన చలికాలంలో ఎన్‌కౌంటర్ అన్నారు. అతని గురించి యాకోబు నాలుగు వాక్యాలు మంచిగానే రాశాడు. నాలుగో వాక్యం ఇది: "ఇటీవల అనారోగ్యంతో మరణించిన ఆయన భార్య సాలి ఆయనకు చేదోడువాదోడుగా ఉండేది."

అచ్చమ్మ ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా లేవలేదు.

చేదోడువాదోడా? సాలి గొంతెత్తితే దీప్లానే ఆమె వెనక డప్పు పట్టుకుని ఉరికేవాడు. పోస్టర్ మీద సాలి పేరుంటే చాలు, మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా ట్రాక్టర్లు కట్టుకుని జనం వచ్చేవారు. మొగుణ్ణి మట్టిచేసిన పన్నెండో రోజున ఆమెను స్టేజీ ఎక్కించారు. అమరుని భార్య పాడితే జనం కదులుతారని. అప్పటికే ఆమెకు మూడో నెల. ఆ గర్భం నిలవలేదు. ఆ తర్వాత కూడా పాడుతూనే ఉంది. జనం కదులుతూనే ఉన్నారు.

ఉగాదికి ముందు కోదాడ ప్రోగ్రాంకు పోతూ సాలి ఈ ఇంట్లోనే ఆగింది. కళ్ల కింద సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. వంటింట్లోకి వచ్చి, తొమ్మిది రోజులుగా నెత్తురు ఆగడం లేదని అచ్చమ్మ చెవిలో చెప్పింది. అచ్చమ్మ పాత చీర చింపి ఇచ్చింది, మరిగించిన నీళ్లిచ్చింది, ముందు గదిలోకి పోయి మొగునితో దవాఖానకు తీసుకుపోదామన్నది. "కోదాడ అయినంక తోల్కపోదాం. పోస్టర్ల మీద ఆమె పేరే ఉన్నది" అన్నాడు యాకోబు, కాగితాల మీంచి తలెత్తకుండా. సాలి కూడా, "పాడుతుంటే నొప్పి తెల్వది లే అక్కా" అన్నది. మరునాడు అచ్చమ్మ స్కూల్లో ఇన్‌స్పెక్షన్. రికార్డులు రాసుకోవాలి. సరే అన్నది. ఆ సరే అన్న మాటే రెండు నెలలుగా ఆమెకు అన్నం సయించనివ్వడం లేదు.

సాలి కోదాడలో రెండు గంటలు పాడింది. తిరుగు దారిలో లారీలోనే కూలబడింది. మూడో రోజున ఇరవై మూడేళ్లకు పోయింది. చాలా ఆలస్యంగా తెచ్చారని డాక్టరు యాకోబు మొహం మీదే అన్నాడు. మట్టి దగ్గర యాకోబు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు. అందుకే అచ్చమ్మకు ఇంకా కోపం.

మొన్న శుక్రవారం ఈ ముందు గదిలోనే కమిటీ కూర్చుంది. సాలి పేరు ఎవరో ఎత్తారు. అచ్చమ్మ టీ గ్లాసులు అందిస్తూ విన్నది. స్తూపానికి ఒక పద్ధతి ఉంటదనీ, తూటాకు పోయినవాళ్లదీ రోగమొచ్చి పోయినవాళ్లదీ ఒక్క తీరు కాదనీ, ఇవాళ సాలి పేరు రాస్తే రేపు జ్వరమొచ్చి పోయినవాళ్లందరివీ రాయాల్సి వస్తుందనీ తేల్చారు. తేల్చినాక టీలో చక్కెర తక్కువైందన్నారు. ఆమె చక్కెర తెచ్చి వేసింది.

నిన్న తండా నుంచి సాలి తండ్రి బీక్యా వచ్చాడు. యాకోబు ఇంట్లో లేడు. గుమ్మంలో నిలబడే, "పంతులమ్మా, అల్లుని పేరు పక్కన నా బిడ్డ పేరు రాస్తరా?" అని అడిగాడు. చూద్దామన్నది అచ్చమ్మ. ఆ ముసలాయన చూద్దామన్న మాటను రాస్తామన్నట్టే తీసుకుని, దండం పెట్టి పోయాడు.

అచ్చమ్మ లేచి పొయ్యి ఆర్పింది. వచ్చి కూర్చుని, ఏడు పేర్లూ చిత్తులో ఉన్నట్టే రాసింది. దీప్లా దగ్గర నాలుగో వాక్యం వదిలేసింది. కింద జానెడు ఖాళీ మిగిలింది. కలం మొనను చీర కొంగుకు తుడిచింది. తర్వాత తొమ్మిదో అంకె వేసి ఇట్లా రాసింది:

"సాలి. పాటగత్తె. దీప్లా పోయినాక కడుపు పోయింది, ఆగని నెత్తురుతో కూడా మన కోసం పాడింది. నొప్పి అని చెప్పింది. మేము వినలేదు."

మూడున్నరకు పౌలును వెంటబెట్టుకుని యాకోబు వచ్చాడు. స్టెన్సిల్‌ను కిటికీ వెలుగుకు పట్టి చదివాడు. కింది దాకా వచ్చి తొమ్మిదో అంకె మీద వేలు పెట్టాడు.

"ఇదేంది?"

"సాలి."

"కమిటీ వద్దన్నది. నువ్వు విన్నవు కదా."

"విన్న. టీ పోసింది నేనే."

యాకోబు గొంతు తగ్గించాడు. గొంతు తగ్గిస్తే ఆయనకు నిజంగా కోపం వచ్చిందని అర్థం. ఇది పోలీసుల చేతికి దొరికితే మనమే చంపుకున్నామని పేపర్లకెక్కిస్తారనీ, ఎనిమిది మంది నెత్తురు నీళ్లపాలవుతుందనీ, ఇంట్లో కూర్చుని రాసేదానికి బయటి కష్టం తెలియదనీ అన్నాడు. ఎనభై అయిదులో స్టేషన్లో దెబ్బలు తిని ఎడమ చెవి వినికిడి పోగొట్టుకున్న మనిషి. ఆయన భయం ఉత్త భయం కాదని అచ్చమ్మకు తెలుసు. తెలిసే రాసింది.

"తీసెయ్యి" అన్నాడు.

తప్పు పడిన చోట పూసే ఎర్ర మందు సీసా బల్ల మీదే ఉంది. అచ్చమ్మ దాన్ని ఆయన ముందుకు జరిపింది.

"నా చెయ్యి రాసేదాక వచ్చింది. పూసుడు నీ చేత్తోని చెయ్యి."

యాకోబు మూత తిప్పి కుంచె బయటికి తీశాడు. కుంచె సాలి పేరు మీద ఆగింది. ఒక చుక్క కారి బల్ల మీద పడింది. పౌలు తలుపు దగ్గర ఎవరి వైపూ చూడకుండా నిలబడ్డాడు. చివరికి, "అన్నా, బస్సు పోతది" అన్నాడు. యాకోబు కుంచెను సీసాలో పెట్టి, మూత బిగించి, స్టెన్సిల్‌ను పౌలు చేతిలో పెట్టాడు. రేపు అందరి ముందు తానే ఎట్లనో సర్దుకుంటానని గోడకు చెప్పినట్టు చెప్పాడు.

వేములపల్లిలో ఎండ మండిపోతోంది. రోడ్డు మీద పోలీసు జీపులు రెండు. గోపయ్య రాసిన తొమ్మిది పేర్లు స్తూపం మీద ఇంకా తడిగా మెరుస్తున్నాయి. అచ్చమ్మ ఆడవాళ్ల వైపు కరపత్రాలు పంచుతోంది. కమిటీ మనుషులు యాకోబును పక్కకు పిలిచి గుసగుసగా అడుగుతున్నారు. ఆయన ఏదో సర్ది చెబుతున్నాడు.

అంతలో బీక్యా కరపత్రం పట్టుకుని జనంలోంచి నేరుగా యాకోబు దగ్గరికే వచ్చాడు. సారు అంటే ఆయనే మరి.

"సారూ, నా బిడ్డ ముచ్చట ఏడ రాసిండ్రు? జర సదువు. అందరికీ ఇనబడేటట్టు సదువు."

చుట్టూ తండావాళ్లు మూగారు. యాకోబు కాగితం తీసుకున్నాడు. పేరు ఒక్కటి చదివి ఇచ్చేస్తాడేమోనని అచ్చమ్మ పంచడం ఆపి చూసింది. ఆయన పేరు చదివాడు, పాట గురించి చదివాడు. నెత్తురు దగ్గర ఆగాడు. బీక్యా కదలకుండా నిలబడే ఉన్నాడు. యాకోబు మిగిలిందంతా, చివరి మాట దాకా, ఒక్క అక్షరం పోకుండా చదివాడు.

బీక్యా కాగితం తిరిగి తీసుకుని, మడిచి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత కోపంగా కాదు, ఊరి దారి అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"ఎవరెవరు సారూ, ఇననోళ్లు?"

యాకోబు జీపుల వైపు చూశాడు. కమిటీ వైపు చూశాడు. అచ్చమ్మ చేతిలోని కరపత్రాల కట్ట పక్కామె ఒళ్లో పెట్టి, మగవాళ్లను తప్పించుకుంటూ వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"నా పేరుతోని షురూ చెయ్యి" అన్నది.