చౌడప్పన్న కారుకు కొత్త బ్రేకులు

"మద్దిలేటీ, అలాయ్ వేయాలప్పా! ఆదివారం లోపల కావాల!"

బుక్కరాయసముద్రంలో మద్దిలేటి మెకానిక్ షెడ్డు ముందు కారాపి చౌడప్పన్న ఇట్లా కేక వేసేసరికి అందరం బిత్తరపోయాం. మా వైపు అలాయి అంటే పీర్ల పండుగకు గుంత తవ్వి, నిప్పులు పోసి, చుట్టూ చిందులు వేయడం. పండుగకు ఇంకా నెలల గడువుంది. టీ తాగుతున్న ఒకాయన అమాయకంగా అడిగేశాడు కూడా.

"గుంత యాడ తవ్వాలన్నా?"

"నీ నెత్తిన తవ్వు! అలాయ్ చక్రాలప్పా, తళతళా మెరుస్తాయే, అవి. వాటితోపాటు డిస్కు బ్రేకులు."

"అదీ మాట! ఈ ఎండల్లో వేరే నిప్పులెందుకా అనుకున్నాం," అన్నాను. పక్క కొట్టులో నంబరు ప్లేట్లు రాసే మార్కండేయను నేను. చేతిలో కుంచె ఆగినా నా నోటికి బ్రేకు పడదు.

చౌడప్పన్నది పాత అంబాసిడరు. ధర్మవరం మగ్గాల ఇండ్లలో పెండ్లికూతురు అత్తగారింటికి పోవాలంటే ఆ కారే రావాలి, ఆయనే తోలాలి. ఆ బండెక్కిన పిల్ల పుట్టింటికి ఏడుస్తూ తిరిగి రాదని వాళ్ల నమ్మకం. ఆయనా బండిని గుడిలాగే చూసుకునేవాడు. చెప్పులు బయట విడిచి, స్టీరింగుకు దండం పెట్టి, ఉత్త కాళ్లతో ఎక్కుతాడు. "బండి మాట్లాడేది అరికాలితోనప్పా. మధ్యలో చెప్పెందుకు?" అంటాడు.

అట్లాంటి మనిషికి పోయిన నెల ముదిగుబ్బ దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు కోసం తొక్కాడు. బండి ఆగలేదు. ఒక గొర్రె చక్రం కింద పడింది. దాని వెనకే ఉన్న కాపరి ముసలామె వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆ రోజు నుంచి ఆయనకు తిండి సయించలేదు. మద్దిలేటి బ్రేకులు విప్పి, తిప్పి తిప్పి చూసి, "అన్నీ బాగానే ఉండాయే అన్నా" అంటే వినలేదు.

"బాగుంటే యాల నిలబడలేదు? డ్రమ్ము బ్రేకుల కాలం పోయిందిలే."

"నిజమే, మన ఊర్లో యా డ్రమ్మును నమ్మేదానికుండాది? వీధిలో డ్రమ్ముకు నీళ్లుండవు, బండిలో డ్రమ్ముకు పట్టుండదు," అని నేను తాళం వేశాను.

ఆయన నవ్వలేదు. "మార్కండేయా, ఆదివారం ధర్మవరం కొండప్ప కూతుర్ని కదిరికి, అత్తగారింటికి తీసుకపోవాల. కొత్త బ్రేకులతో కూడా బండి నిలబడకపోతే, ఇంగ నేను తోలను. పెండ్లికూతుర్ని పెట్టుకొని ఆటలాడతామా?"

తోలకపోతే ఆయన ఏం చేస్తాడో మాకు ఊహకందలేదు. ఇంట్లో కుర్చీ వేస్తే అందులో కూడా రోడ్డువైపు తిరిగి కూర్చునే మనిషి.

మద్దిలేటి పాత డ్రమ్ములు ఊడదీశాడు. ముందు చక్రాలకు డిస్కులు బిగించాడు. కాస్త తొక్కినా గట్టిగా పట్టేట్టు బూస్టరు పెట్టాడు. అలాయ్ చక్రాలెక్కాక ఆ ముసలి బండి పట్టుపంచె కట్టిన పెండ్లిపెద్దలా నిలబడింది. శుక్రవారం సాయంత్రానికి చౌడప్పన్న భార్య నాగలక్ష్మమ్మ టెంకాయ, నిమ్మకాయలు తెచ్చింది. చూసిపోదామని కొండప్పా వచ్చాడు. వీధిలో వాళ్లూ చేరారు. ఇక మిగిలింది బ్రేకు గొట్టాల్లో గాలి తీయడమే.

అది ఇద్దరి పని. ఒకరు సీట్లో కూర్చొని పెడలు కొట్టి పట్టుకోవాలి. ఇంకొకరు కింద పడుకొని చక్రం దగ్గర చిన్న మర తిప్పాలి. గాలీ నూనే కలిసి బుసబుసమని బయటికొస్తాయి. నా బండి నేనే తొక్కుతానని చౌడప్పన్న చెప్పులు విడిచి ఎక్కాడు.

"కొట్టు... కొట్టు... పట్టు!" కింద నుంచి మద్దిలేటి.

"ధర్మవరం కారుకు పట్టు సంగతి చెప్పాలా?" అన్నాను. అందరూ నవ్వారు.

"పట్టినా!" అన్నాడు చౌడప్పన్న.

మద్దిలేటి మర తిప్పాడు. చుక్క రాలేదు.

"తొక్కన్నా!"

"తొక్కినానప్పా, అడుగుదాకా తొక్కినా!"

"యాడ తొక్కినావు? గాలీ లేదు, నూనే లేదు."

ఇంకో మాట విసురుదామని నేను తెరిచిన తలుపులోంచి కిందికి వంగాను. చౌడప్పన్న తొడ నరాలు బిగుసుకున్నాయి, నుదుట చెమట కారుతోంది. ఆయన పాదం పెడలు మీద లేదు. దాని పక్కన, ఉత్త రేకు మీద ఉంది. ఉన్న బలమంతా పెట్టి ఆయన నేలను తొక్కుతున్నాడు.

మద్దిలేటిని చేత్తో సైగ చేసి పిలిచాను. మద్దిలేటి బయటికొచ్చి చూశాడు. మా ఇద్దరి ముఖాలూ చూసి చౌడప్పన్నా తల వంచాడు. కాసేపు ఆ కాలిని వేరెవరిదో అయినట్టు చూశాడు. తర్వాత మోకాలు చేత్తో ఎత్తి, పాదాన్ని పెడలు మీద పెట్టి, కండ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి అది మళ్లీ పక్కకు జారి ఉంది.

"షుగరన్నా," అన్నాడు మద్దిలేటి మెల్లగా. "మా నాయనకూ పాదం ఇట్లే మొద్దుబారింది."

బయట కొండప్ప అడిగాడు. "ఏమప్పా, కుదిరినాయా బ్రేకులు?"

"ఒక సామాను రావాలన్నా, బెంగళూరు నుంచి..." మద్దిలేటి అబద్ధం మొదలుపెట్టాడు.

"ఏ సామానూ రాదు," అన్నాడు చౌడప్పన్న.

తలుపు పట్టుకొని దిగి, కారు అంచున కూర్చొని, అందరికీ వినపడేట్టు చెప్పాడు.

"పాత బ్రేకులు చెడిపోలేదు. మద్దిలేటి చెప్పింది నిజమే, నేనే వినలేదు. ముదిగుబ్బ కాడ నేను బ్రేకు తొక్కినా అనుకున్నా. తొక్కింది రేకును. కాలుకు తెలియకుండా పోయింది, నిందంతా బండి మింద వేసినా. కొండప్పా, కొత్త బ్రేకులు బాగుండాయి. ఆదివారం మద్దిలేటి తోలుతాడు. నీ బిడ్డకేం భయం లేదు."

నాగలక్ష్మమ్మ టెంకాయ కింద పెట్టి వచ్చి, మొగుడి ముందు కూర్చొని, ఆ పాదాన్ని రెండు చేతులా పట్టుకొని నుదురు ఆనించింది.

ఆయన కిందికి చూడలేదు. "కదిరి రోడ్డులో రెండో మలుపు కాడ మాత్రం నెమ్మదిగా పొమ్మను," అని కొండప్పకు చెబుతూనే ఉన్నాడు.