నా గుంతలో ఎలుక కలుగు

పురావస్తు తవ్వకాల్లో మట్టికి ఒక మర్యాద ఉంది. పైపొరలో దొరికింది పైపొరదే, కిందిపొరలో దొరికింది కిందిపొరదే. డిగ్రీలో చేరిన మొదటి వారం ఈ ముక్క మాకు నేర్పింది మా సారే. అందుకే ఆయన మీద నాకింత కోపం.

మూడో సంవత్సరం శిబిరంలో, నా గుంతలో, నాలుగో పొరలో నీలం గాజుపూస దొరికింది. సారు పొంగిపోయి, ఇంత పాతకాలంలోనే ఇక్కడ గాజు ఉందని ఆ సాయంత్రమే పత్రికలవాళ్ళకు చెప్పేశారు. మర్నాడు నేను తాపీతో గుంత గోడ గీకుతుంటే వదులు మట్టి జలజలా రాలింది. ఎలుక కలుగు. రెండో పొర నుంచి సరిగ్గా పూస దొరికిన చోటికే దిగింది. మార్కులకిచ్చే నా శిబిరం పుస్తకంలో, గుంత గోడ బొమ్మలో కొలతలతో సహా దాన్ని గీసి సారుకు చూపించాను.

"ఎలుకల్ని కూడా గీస్తున్నావా?" అన్నారు నవ్వుతూ.

"కలుగు సార్. పూస పైనుంచి దాంట్లోకి జారింది."

"జారుతుంటే చూశావా?"

"లేదు సార్. నాలుగో పొరవాళ్ళు దాన్ని వేసుకోవడం మీరు చూశారా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి నాలుగో కాలు చూపిస్తే ఊరుకుంటాడా? "బొమ్మ మార్చి పట్రా. ఈ పుస్తకంలో తప్పితే నీ డిగ్రీకి ఇంకో ఏడాది," అన్నారు. విభాగాధిపతికి చెబుదామంటే ఆయనే విభాగాధిపతి. ఉన్నది ఉన్నట్టుగానే పుస్తకం అప్పగించి వచ్చాను.

"కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనే," అంది అమ్మ, కుట్టుమిషను తొక్కుతూనే. "కలుగు లేదంటే ఎలుకేమన్నా కేసు పెడుతుందా?"

ఫలితాలొచ్చాయి. శిబిరం పుస్తకానికి తొంభై ఆరు. క్లాసులో అందరికంటే ఎక్కువ. తిరిగిచ్చిన పుస్తకం తెరిచాను. వానకు సిరా కారుతుందని శిబిరంలో అన్నీ పెన్సిల్‌తోనే గీస్తాం. కలుగును రబ్బరుతో చెరిపేసి, పొరల గీతల్ని చక్కగా కలిపేశారు. కింద నా సంతకం అలాగే ఉంది. ఫెయిల్ చేసుంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. దొంగతనం ఆయన చేసి, మూట నా నెత్తిన పెట్టి, పైగా నాకు బహుమతా? ఒళ్ళు మండిపోయింది.

ఆ పేజీ అమ్మకు చూపించాను. చెరిపిన చోటును వేలితో తడిమి చూసింది. "ఇది నీ గీత కాదు," అంది. మిషను మీద గుడ్డ కప్పి నాతో బయల్దేరింది.

పరీక్షల విభాగం గుమాస్తా నా దరఖాస్తు రెండుసార్లు చదివాడు. "మార్కులు పెంచమని వస్తారు గానీ, వద్దని వచ్చినవాళ్ళను నేను చూళ్ళేదు. పుస్తకం వెనక్కి తీసుకుంటే సున్నా పడుతుంది, ఏడాది పోతుంది. అమ్మా, మీరైనా చెప్పండి."

"మొదట్లో నేనూ చెప్పి చూశా, వినలేదు," అంది అమ్మ. "ఆ పట్టా తెచ్చి గోడకు తగిలిస్తే రోజూ చూడాల్సింది నేనే. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి."

వారం తర్వాత నా పేరు పక్కన సున్నా పడింది. అది మాత్రం నేను సంపాదించుకున్నదే.