తాబేలు గుండు

లింగమూర్తి సోడాపొడితో మూడోసారి చేతులు రుద్దుకున్నాడు. గోళ్ళ సందుల్లో నీలిరంగు వదల్లేదు. జీడిమెట్ల రంగుల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా డ్రమ్ములు నింపుతున్న చేతులవి. పొద్దున షిఫ్టు దిగి ఇంటికి పోకుండా, సంచిలో కొత్త కెమెరా ఉందో లేదో తడిమి చూసుకుని, మాదాపూర్ బస్సెక్కాడు.

ఇవాళ మధ్యాహ్నం తాబేలు గుండనే బండరాయిని పేల్చేస్తారని, రోడ్డు వేస్తారని, రెండు రోజుల క్రితం అతని బావమరిది చెప్పిపోయాడు. ఆ గుండు పక్కనే కూతురు బుజ్జిని పాతిపెట్టారు. అప్పట్లో లింగమూర్తి, భార్య చంద్రమ్మ అక్కడే రాళ్ళు కొట్టేవారు. మూడు రోజుల జ్వరంలో పోయింది పిల్ల. నాలుగేళ్ళు. చంద్రమ్మ ఏటా ఒక్కతే వెళ్ళి గుండుకు ఇంత పసుపు రాసి వచ్చేది. కిడ్నీలు చెడి మంచం పట్టాక అదీ లేదు.

"పిల్ల ఫొటువ ఒక్కటి లేకపాయె. గా గుండు ఫొటువన్న తే. ఒక్కసారి చూస్త," అంది.

అంతకుముందు కెమెరా పట్టి ఎరగడు లింగమూర్తి. దుకాణంవాడు నేర్పింది దారి పొడుగునా మనసులో వల్లె వేసుకున్నాడు.

బస్సు దిగితే గుండ్రటి అద్దాల భవనం ఎండకు మెరుస్తోంది. దాని అవతల సీతాఫలం పొదలు లేవు. అంతా ఎర్రమట్టి. ఎర్రజెండా పట్టుకున్న సూపర్‌వైజర్ బుల్లిబాబు అడ్డం వచ్చాడు.

"ఎక్కడికండీ? మందు కూరేశాం. వెనక్కెళ్ళండి."

"జర పోనియ్యి సారూ. నా బిడ్డ ఉన్నది ఆడ."

బుల్లిబాబు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. "ఎవరూ లేరండీ అక్కడ!"

"మట్టిల ఉన్నది. ఇరవై ఏండ్లాయె."

బుల్లిబాబు జెండా దించాడు. "పది నిమిషాలండి. ఈల వెయ్యగానే వచ్చెయ్యాలి."

లింగమూర్తి పరిగెత్తాడు. ఏది తాబేలు గుండు? పొదల ఆనవాలు లేకపోయేసరికి గుండ్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. కొన్నిటిని యంత్రాలు దొర్లించేశాయి. పసుపు మరక ఎక్కడా లేదు. ఒకదాని చుట్టూ తిరిగాడు, ఇంకోదాన్ని చేత్తో తడిమాడు. ఎవరూ వినడం లేదు కదా అని "బుజ్జీ" అని పిలిచాడు.

చివరికి దగ్గరున్న గుండుకు ఫోటో తీశాడు. ఇది కాకపోతే? పక్కదానికి తీశాడు. అన్నిటికీ తీస్తే చంద్రమ్మే గుర్తుపడుతుంది. చెమట కళ్ళలోకి కారుతుంటే నొక్కుతూనే పోయాడు. ముప్పై ఆరోదానితో రీలు అయిపోయింది. ఇంకా నాలుగు గుండ్లు మిగిలాయి. ఈల వినిపించినా, పనిచేయని కెమెరాను వాటివైపు పట్టుకుని నిలబడ్డాడు. బుల్లిబాబే వచ్చి రెక్క పట్టి లాక్కుపోయాడు. వెనక నేల దద్దరిల్లింది.

మూసాపేట స్టూడియోలో ఫోటోలు కడగడానికి మూడు గంటలు పడుతుందన్నారు. ఇంటికి వెళ్ళి రావచ్చు. కానీ ఉత్త చేతులతో ఆమె ముందుకు వెళ్ళలేక మెట్లమీదే కూర్చున్నాడు.

కవరు పట్టుకుని ఇల్లు చేరేసరికి గుమ్మంలో పక్కింటి సక్కుబాయి, ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు.

"గంటయితున్నది అన్నా," అంది సక్కుబాయి. "గప్పటిదాక మంచిగనే మాట్లాడింది. ఆయన ఫొటువలు తెస్తడు, నాకు కండ్లు మసకున్నయి, నీ అద్దాలు జర ఇయ్యవా అన్నది. ఇచ్చిన."

లింగమూర్తి మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు. ఫోటోలు ఒక్కొక్కటే చూశాడు. మళ్ళీ మొదటినుంచి చూశాడు. ఏది తాబేలో చెప్పే మనిషి లేదు.

దిండు పక్కన సక్కుబాయి కళ్ళద్దాలు ఉన్నాయి, ఒక కాడకు నల్లదారం చుట్టి, పెట్టుకోవడానికి సిద్ధంగా తెరిచి.