జేబులో ఫ్యూజు

నేను కోతలరాయుణ్ణని ఊరంతా ఎరుగును. పులిని తోక పట్టుకుని ఇంటిదాకా ఈడ్చుకొచ్చానని చెప్పినవాణ్ణి. కానీ పిల్లలూ, రేకులు నొక్కే ప్రెస్సు షెడ్డు కాపలావాడిగా గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని చూసిన ఈ సంగతిలో పులి లేదు.

హైస్కూల్లో మెషిన్ పని కోర్సు చదివే నలభై మందిని ప్రాక్టికల్స్ పేరుతో కాంట్రాక్టరు తన షెడ్డుకు తెచ్చుకున్నాడు. మెషినుకొకరు. చేతులు లోపలికి పోకుండా ఉండే జాలీలన్నీ పీకించి మూల పడేయించాడు. అవి ఉంటే పని సాగదట! మూడో రోజు వాళ్లలో పొడుగోడనే కుర్రాడి కుడిచేతి వేళ్లు నాలుగూ రేకుతోపాటు నలిగిపోయాయి.

వాణ్ణి ఇంకా ఆటో ఎక్కించనే లేదు.

“నెత్తురు తుడిచి ఇంకోణ్ణి నిలబెట్టండ్రా. పని మానితే సర్టిఫికెట్టు లేదు!” అన్నాడు కాంట్రాక్టరు.

“ఏ చేత్తో అందుకోమంటారు?” అంది పక్క మెషిను మీదున్న పొడుగోడి చెల్లెలు, పొట్టిపిల్ల.

“నీకు నోరెక్కువే!”

“మాకు అదొక్కటే మిగిల్చారుగా.”

బడి నుంచి వెంట వచ్చిన వర్కుషాపు మేష్టారు ఆ నెత్తుటి మెషిను ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నారు.

“మొదటి పాఠం ఏమిటర్రా?”

“మెషిన్లో చెయ్యి ఎవరిదో ఫ్యూజు వాళ్ల జేబులో ఉండాలి!” నలభై గొంతులు లేవాల్సిన చోట ముప్పై తొమ్మిదే లేచాయి.

కాంట్రాక్టరు మనుషులు ఇనుప పైపులతో మేష్టారి మీద పడ్డారు. మొదటి దెబ్బ భుజానికి, రెండోది తలకు. నేను స్టూలు మీంచి లేచాను. గేటు వదిలి లోపలికి మాత్రం వెళ్లలేదు.

పిల్లలు ఎవరి మెషిను దగ్గరికి వాళ్లు ఉరికి ఫ్యూజులు పీకారు. టప్, టప్, టప్... మెషిన్లన్నీ మూగబోయాయి. ఆ మనుషులు పిల్లల్ని జుట్టు పట్టి ఈడ్చారు, పళ్లు రాలగొట్టారు. ఒక్కరూ జేబు మీంచి చెయ్యి తియ్యలేదు. పొట్టిపిల్ల మూలనున్న జాలీ ఎత్తి పట్టింది.

“ఎత్తండ్రా! ఇవి మనవే!”

పైపులు జాలీల మీద గణగణ మోగాయి. పిల్లలు ఒక్క గోడలా కదిలి ఆ మనుషుల్ని గేటు దాకా నెట్టుకొచ్చారు. అప్పుడు కదిలాయి నా చేతులు. పక్కనే మెయిన్ బోర్డు.

పోలీసులు వచ్చేసరికి మేష్టారు రేకుల గుట్ట పక్కన ప్రాణం వదిలారు. పైపులు పట్టినవాళ్లను వదిలి జాలీలు పట్టినవాళ్లను వ్యాను ఎక్కించారు. జేబులు వెతికి ఫ్యూజులన్నీ తిరిగి పెట్టించారు. అయినా ఒక్క మెషినూ కదల్లేదు.

“మెయిన్ ఫ్యూజు ఏదిరా?” అరిచాడు ఎస్సై.

“నా దగ్గరుందయ్యా,” అన్నాను.

ఎస్సై పకపకా నవ్వాడు. “పులి తోక కూడా నీ దగ్గరే ఉందా, తాతా?”

మర్నాడు పొద్దున కొత్త ఫ్యూజు వచ్చింది. పక్కూరి బడి పిల్లలతో లారీ కూడా వచ్చింది. నేను గేటుకు అడ్డంగా నిలబడి జేబులోది పైకెత్తి చూపించాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

“వాడివన్నీ కోతలు! దిగండర్రా!” అన్నాడు కాంట్రాక్టరు.

లారీలోంచి ఒక్కరూ దిగలేదు.