నా చేతిలో పానా

నేను ఒక చెక్కబొమ్మను. ఆ మాట వినగానే పిల్లలు ఆడుకునే రంగుల బొమ్మ మీ కళ్లముందు మెదిలితే ఆ తప్పు నాది కాదు. నన్ను చేసింది తుపాకితో కాల్చడానికి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, కాల్చాలా వద్దా అని ఆలోచించుకోవడానికి. ఆ ఆలోచించుకోవడం ఒక్కటి తప్ప మిగతావన్నీ నాకు సక్రమంగా జరిగాయి.

నేనుండేది రాయలసీమలో ఒక పోలీసు శిక్షణ కేంద్రం. గుట్ట పక్కన మట్టికట్ట, దాని ముందు గుంత, గుంత అంచున నేను. నాకంటే ముందు ఇక్కడ నిలబడినవన్నీ నల్లటి ఆకారాలే. ముఖం లేదు, చేతులు లేవు. శిక్షణకు వచ్చిన కుర్రాళ్లు వాటిని జల్లెడ చేసి, మార్కులు వేయించుకుని, ఉగ్గాని బజ్జీ తినడానికి పోయేవారు. అందరూ సంతోషంగానే ఉండేవారు.

అప్పుడు హైమావతి మేడం వచ్చింది. తుపాకి నేర్పే అధికారి ఆవిడే. వచ్చిన వారానికే నల్లబొమ్మలన్నీ పీకించింది.

"బయట మీకెదురయ్యేది మసిబొమ్మ కాదప్పా, మనిషి. వాని మొగం చూడొద్దు, చెయ్యి చూడండి. చేతిలో ఏముందో తెలిసినాకనే ట్రిగ్గర్ మీద వేలు పెట్టాల" అంది.

ఆ మాట కోసమే నేను పుట్టాను. మనిషంత ప్లైవుడ్ చెక్క, కుడిచేతి దగ్గర ఒక ఇనుప కొక్కెం. ఆ కొక్కేనికి రేకుతో కోసిన పిస్తోలో, కొడవలో, సెల్‌ఫోనో, నీళ్ల సీసానో తగిలిస్తారు. తగిలించేటప్పుడు చూడకుండా కుర్రాడు నాకు వీపు పెట్టి నిలబడాలి. ఈల వినగానే ఇటు తిరగాలి. గుంతలో దాక్కుని కూర్చున్నవాడు తాడు లాగితే నేనూ రెప్పపాటు అటు తిరిగి నిలుస్తాను. చేతిలో ఆయుధముంటే కాల్చాలి. లేకపోతే తుపాకి దించి "ఆగు!" అని అరవాలి. అంతే. చెప్పుకోవడానికి ఎంత తేలికో చూడండి.

నాకు రూపం ఇచ్చినవాడు దస్తగిరి. సినిమాహాళ్ల ముందు కటౌట్లు వేసి బతికినవాడు, ఫ్లెక్సీలు వచ్చాక ఖాళీగా కూర్చున్నాడు. చాలా రోజులకు మనిషిని గీసే పని దొరికిందని మురిసిపోయి, ఉన్న విద్యంతా నా మీదే చూపించాడు. ఎర్రటి కళ్లు, కోరమీసం, చెంప మీద గాటు, మోకాళ్ల దాకా ఎత్తికట్టిన గళ్ల లుంగీ. మొదటిరోజు నా చేతిలో సెల్‌ఫోనే ఉంది. బ్యాచిలో సగంమంది నన్ను కాల్చేశారు.

మేడం దస్తగిరిని పిలిపించింది. "ఏమి దస్తగిరన్నా, చూస్తానే కాల్చబుద్ధి అయ్యేటట్టు గీస్తివే?"

"మరి దొంగోడంటే దొంగోని మాదిరి ఉండొద్దా మేడం?" అన్నాడతను అమాయకంగా.

"దొంగోడని నీకెవరు చెప్పినారు? ఫోన్ మాట్లాడుకునేటోడు గూడా ఈయనే గదా!"

దస్తగిరి బుర్ర గోక్కున్నాడు. ముఖం మార్చమంటుందనుకున్నాను. మార్చమనలేదు. "ఉండనీలే. ఈ మొగం చూసి గూడా ఆగగలిగినోడే పోలీసు" అంది. ఆవిడ తెలివిని మెచ్చుకున్నాను. ఆ తెలివి ఖరీదు నా ఒంటి మీద పడింది.

చిల్లులు పడ్డ ప్రతిసారీ గుంతలోని మనిషి పైకొచ్చి, కాగితం ముక్కకు మైదా జిగురు రాసి అతికిస్తాడు. పైన కాస్త రంగు పూస్తే నేను మళ్లీ కొత్తవాణ్ణే. రోజులు గడిచేకొద్దీ అతుకులు తగ్గాయి. కుర్రాళ్లు చెయ్యి చూడటం నేర్చుకున్నారు. ఓబులేసు తప్ప.

ఓబులేసు మంచివాడే. ఆ బ్యాచి మొత్తంలో అంత చురుకైన చెయ్యి లేదు. గొడవ కూడా అదే, కన్ను చేరేలోపే చెయ్యి చేరేది. ఫోనున్నా కాల్చేవాడు, సీసా ఉన్నా కాల్చేవాడు. "ఓబులేసుకు ఫోన్ చెయ్యాలంటే ముందు ఇన్సూరెన్స్ కట్టుకోవాలప్పా" అని తోటివాళ్లు ఏడిపించేవారు. ఈ పరీక్ష తప్పితే తుపాకి ఇవ్వరు, క్యాంపులో వంటశాలకు పంపుతారు. పోలీసునవుతానని ఊరంతా చాటి వచ్చినవాడికి ఆ మాట తలచుకుంటేనే ముద్ద దిగేది కాదు.

ఒకరోజు అతను ఆగాడు. నా చేతిలో ఫోను, తుపాకి దించి "ఆగు!" అన్నాడు. మర్నాడూ అంతే. పిస్తోలుంటే కాల్చాడు, సీసా ఉంటే ఆగాడు. మేడం ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం భయం వేసింది, ఎందుకంటే అతని కళ్లు ఎక్కడున్నాయో నాకు తెలుసు. అవి నా చెయ్యి మీద లేవు.

దస్తగిరి పిస్తోలునూ కొడవలినీ మందపాటి రేకుతో కోశాడు. ఫోనుకూ సీసాకూ నూనెడబ్బా రేకు సరిపోతుందనుకున్నాడు. కొక్కేనికి తగిలించగానే మొదటివి ఠంగుమంటాయి, రెండోవి టింగుమంటాయి. వీపు పెట్టి నిలబడిన ఓబులేసు, తుపాకి మోత వినపడకుండా చెవులకు పెట్టుకోవలసిన డిప్పలు మెడలో వేలాడేసుకుని ఆ చప్పుడు వినేవాడు. ఇటు తిరిగే సరికే తీర్పు అయిపోయేది.

అరవాలనిపించింది. 'మేడం, వాడు చూడటం లేదు' అని చెప్పాలనిపించింది. నోరైతే ఉంది, దస్తగిరి పళ్లతో సహా గీశాడు. తెరుచుకునే నోరు మాత్రం కాదు. పరీక్షనాడు ఓబులేసు ఒక్క తప్పూ చేయలేదు. మేడం అతని భుజం తట్టి, "నువ్వు నేర్చుకుంటివి సూడు, అది నాకు చాలురా" అంది. అతను తుపాకి తీసుకుని వెళ్లిపోయాడు. నేను ఇక్కడే ఉండిపోయాను.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున మేడం దస్తగిరిని వెంటబెట్టుకుని వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"ఒక పానా కొయ్యాల. బోల్టులు విప్పే పానా."

"పానా ఏమిటికి మేడం?"

"గుర్రప్ప అని ఒక పెద్దాయన, రైతు, చేన్లో బోరుమోటరు బాగుచేసుకుంటా ఉన్న్యాడు. మనోళ్లు ఎవరినో ఎతుక్కుంటా ఆ పక్కకు పోయినారు. కేకేసేసరికి చేతిలో పానా ఉండంగనే లేసి నిలబడినాడంట."

"బతికినాడా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "పెద్దగా కొయ్యి దస్తగిరన్నా. దూరానికి గూడా కనపడాల."

ఎవరు కాల్చారో ఆవిడ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, నాకు తెలిసిపోయింది. గుర్రప్ప చేతిలో పానా టింగుమని ఉండదు, ఠంగుమనీ ఉండదు. ఓబులేసుకు వినిపించడానికి అక్కడేమీ లేదు.

కొన్నాళ్లకు ఓబులేసే వచ్చాడు. విచారణ తేలేదాకా తుపాకి ముట్టకూడదట. తాడు లాగే పని ఇచ్చారు. సగం మనిషయ్యాడు. మేడం గుంత దగ్గరికి వచ్చింది.

"ఓబులేసూ, నా దగ్గర ఒక్క తప్పు చెయ్యకుండా పాసైనోడివి కదరా. ఎట్ల జరిగె?"

"చెయ్యి సూళ్ళేదు మేడం."

"ఆయప్పది సూళ్ళేదా?"

"ఎవురిదీ సూళ్ళేదు. ఈడ గూడా సూళ్ళేదు. రేకు సప్పుడు ఇన్యా, అంతే."

మేడం వంగి, కొక్కేనికి ఫోను తగిలించింది. టింగుమంది. తీసి పిస్తోలు తగిలించింది. ఠంగుమంది. ఇంతకాలం తన చెవి దగ్గరే మోగిన చప్పుడు అది. రెండు రేకులూ ఓబులేసు చేతిలో పెట్టి నడిచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఓబులేసు పాత ఖాకీ గుడ్డ చింపి కొక్కెం చుట్టూ గట్టిగా కట్టాడు. రేకుల అంచులకు కూడా గుడ్డ కుట్టాడు. ఇప్పుడు నా చేతికి ఏం తగిలించినా చప్పుడు రాదు.

ఇవాళ కొత్త బ్యాచి వచ్చింది. మొదటి కుర్రాడు వీపు పెట్టి నిలబడ్డాడు. నా చేతికి పానా తగిలించారు. ఈల మోగింది, తాడు కదిలింది, ఇద్దరం ఎదురుపడ్డాం. చెయ్యి చూడు నాయనా, చెయ్యి చూడు అని లోలోపల మొత్తుకున్నాను. వాడు నా మీసం చూశాడు, చెంప మీద గాటు చూశాడు. గుండు ఛాతీలోంచి దూరి కట్టలో పడింది.

ఓబులేసు గుంతలోంచి జిగురుగిన్నెతో పైకొచ్చాడు. కాగితం అతికించి, బొటనవేలితో అదిమాడు. అదిమిన వేలు తీయలేదు. రెండో ఈల మోగినా తీయలేదు.

"అయిపాయ పెద్దాయనా, అయిపాయ" అంటున్నాడు మెల్లగా.

అంటున్నది నాతో కాదని నాకు తెలుసు. నా చిల్లుకు మైదా ఉంది. ఆ పెద్దాయనకు అది కూడా లేదు.