నేను వెళ్లని రిపేరు

"ఏంటి, ఇంకా ఇంట్లోనే ఉన్నావు? ఒంట్లో బాగోలేదా?" అన్నాడు మా ఆయన, తిన్న పళ్లెం సింకులో వదిలేస్తూ.

బాగానే ఉందన్నాను. హాస్టల్లో పెద్ద వాషింగ్ మెషీను దడదడలాడుతోందని ఫోనొస్తే టైలరక్కనీ ఇంకో ఇద్దర్నీ పంపానని చెప్పాను.

"నువ్వు లేకుండానా? అయినట్టే!"

పదకొండేళ్లు ఒక్కదాన్నే స్కూటరు మీద పనిముట్ల సంచీ వేసుకుని, వాషింగ్ మెషీన్లు బాగుచేస్తూ తిరిగాను. "ఆడమనిషివి, స్క్రూడ్రైవరు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతావా?" అన్న అత్తగారు, తన మెషీను ఆగిన రోజున మాత్రం "కాస్త చూడు తల్లీ" అంది. ఇప్పుడు నాకో చిన్న కొట్టు, నా దగ్గర ముగ్గురు ఆడవాళ్లు. అందరిలోకీ పెద్దది టైలరక్క. ఇదివరకు కుట్టుపని చేసేది. స్క్రూ విప్పకముందే మూత మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఆ అదురు ఎక్కణ్నుంచి వస్తోందో వినాలని నేనే నేర్పాను. నేర్పానే గానీ నమ్మలేదు. వాళ్లు పని ముగించి వచ్చాక, ఇటుగా వెళ్తున్నానని చెప్పి ఆ ఇళ్లకి పోయి, బిగించినవన్నీ మళ్లీ బిగించేదాన్ని.

పోయిన వారం ఒకావిడ టైలరక్క మొహం మీదే అనేసిందట: "ఎలాగూ మీ మేడం వచ్చి మళ్లీ చేస్తారుగా, మీరెందుకు రావడం?"

అక్క సంచీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "చూడు చెల్లెమ్మా. ఇంకొక్కసారి నా వెనకాల వచ్చావంటే నీకో దండం. నా దారి నేను చూసుకుంటాను."

ఆమె వెళ్తే మిగతా ఇద్దరూ ఆగరు. మళ్లీ నేనూ, నా స్కూటరూ. కానీ నన్ను కుదిపేసింది అది కాదు. పెళ్లైన కొత్తలో నేను తోమిన గిన్నెల్ని అత్తగారు నా ఎదుటే ఒక్కొక్కటీ మళ్లీ తోమేది. ఒక్క మాట అనేది కాదు. ఇన్నేళ్ల తర్వాత ఆవిడ చేతులు నాకెలా వచ్చాయి?

అంత తెలిసీ ఇవాళ నిలవలేకపోయాను. చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన నవ్వాడు. "వెళ్లు వెళ్లు. నువ్వు లేనిదే ఏదీ నడవదు." ఇంట్లోనూ ఇదే మాట. ఇంతకాలం మెచ్చుకోలనుకుని మోశాను.

హాస్టల్లో బట్టలుతికే గది తలుపు ఓరగా ఉంది. బయటే ఆగిపోయాను. టైలరక్క మెషీను లోపల, డ్రమ్ము అంచుకి దగ్గరగా దారంతో ఒక సూది వేలాడదీసింది. డ్రమ్ముని చేత్తో మెల్లగా తిప్పుతోంది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఒకచోట అంచు తగిలి సూది చిన్నగా ఊగింది.

"అదీ! బేరింగు అరిగింది. డ్రమ్ము పక్కకి ఒరుగుతోంది."

"నీకెవరు నేర్పారక్కా ఇది?" అంది మిగతా ఇద్దర్లో ఒకామె.

"ఎవరు నేర్పాలే? సూదితో ముప్పై ఏళ్ల కాపురం!"

చేత్తో తడిమి నేను గంటసేపు వెతికే లోపాన్ని ఆమె ఒక్క చుట్టులో కళ్లకి చూపించింది. నేను పెట్టిన చిన్న కొట్లో, నాకు తెలియని విద్య పుట్టింది. గుడ్లప్పగించి నిలబడ్డాను, మొదటిసారి సముద్రాన్ని చూసినదానిలా. లోపలికి వెళ్లలేదు. చప్పుడు కాకుండా మెట్లు దిగాను.

గేటు దగ్గర ఫోను మోగింది. ఎప్పట్నుంచో నన్నే పిలిచే డాక్టరుగారి భార్య. "మెషీను ఆగిపోయిందమ్మా. వేరేవాళ్లొద్దు, నువ్వే రావాలి."

"నేను రానండీ," అన్నాను. "నాకంటే బాగా పని వచ్చినావిడని పంపిస్తాను."